గ్రీసులో పుట్టిన ఆవిడ మాతృభాష గ్రీకు ఎందుకు కాలేదు: ప్రెస్పా సరస్సు పక్కన ఒక ఊరి జనం, ఆ ఊరి మాట

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. టొరంటోలో మీ పక్కింట్లో ఎనభై ఐదు దాటిన పెద్దావిడ ఉన్నారు. ఉత్తర గ్రీసులో ఆయోస్ యెర్మానోస్ అనే ఊళ్లో పుట్టానంటారు. కానీ కూతురితో మాట్లాడే భాష గ్రీకు కాదు, ఊరి పేరు కూడా ‘గెర్మన్’ అనే చెబుతారు. ఇంటర్నెట్లో చూస్తే ఆ ఊళ్లో అందరూ గ్రీకే మాట్లాడుతున్నట్టు ఉంది. ఆవిడ చెప్పేది నిజమేనా, మారింది జనమా, భాషా అని మీ సందేహం.

ఆవిడ చెప్పేది నిజం. జనమూ మారారు, భాషా మారింది. అయితే రెండూ ఒకేసారి జరగలేదు, కారణాలూ వేరు. చాలామంది ఈ రెంటినీ కలిపేసి ‘పాతవాళ్లు పోయారు, కొత్తవాళ్లు వచ్చారు, అందుకే భాష పోయింది’ అంటారు. అది సగమే నిజం. ఊళ్లోనే ఉండిపోయిన కుటుంబాల్లోనూ భాష పోయింది. కొత్తగా వచ్చినవాళ్లు కూడా తమ భాషలు పోగొట్టుకున్నారు. నేను భాషాశాస్త్రం చదివి, థెస్సలొనీకీలో పని చేసిన కాలంలో ఫ్లోరినా, ప్రెస్పా ఊళ్లలో పెద్దవాళ్ల మాటలు రికార్డు చేస్తూ తిరిగాను. ఆ అనుభవంతో కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఊరు ఎక్కడుందో చెప్తాను. గ్రీసు వాయవ్య మూలన పెద్ద ప్రెస్పా, చిన్న ప్రెస్పా అని రెండు సరస్సులున్నాయి. గ్రీసు, అల్బేనియా, ఉత్తర మాసిడోనియా సరిహద్దులు మూడూ పెద్ద ప్రెస్పా నీళ్ల మధ్యలోనే కలుస్తాయి. ఆ సరస్సులకు తూర్పున వర్నూస్ కొండలు. వాటి పాదంలో, సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఈ ఊరు ఉంది. రాతి ఇళ్లు, ఊరి మధ్య వాగు, దాని ఒడ్డున నీటితో తిరిగే పాత పిండిమరలు. జిల్లా కేంద్రం ఫ్లోరినా, దాన్ని మీ పక్కింటావిడ ‘లెరిన్’ అంటారు. ఇన్ని సరిహద్దులు ఇంత దగ్గరగా ఉండటం ఈ ఊరికి చాలా ఖరీదైన సంగతి అయింది, అది కింద వస్తుంది.

ఊళ్లో 11వ శతాబ్దపు చర్చి ఉంది. 1888లో ఆ చర్చి దగ్గర ఒక రాతిఫలకం దొరికింది. సమూయిల్ అనే రాజు తన తండ్రి, తల్లి, అన్న జ్ఞాపకార్థం వేయించిన శాసనం అది. 993 నాటిది, భాష పాత స్లావ్, లిపి సిరిలిక్. తేదీ ఉన్న సిరిలిక్ శాసనాల్లో ఇది చాలా పాతది. ఈ రాయి పేరు చెప్పి ఇది మా భూమి అంటే మా భూమి అని బాల్కన్లలో ఇప్పటికీ వాదులాడుకుంటారు. నా దృష్టిలో దాన్నుంచి తేల్చుకోదగ్గది ఒక్కటే: వెయ్యేళ్ల కింద ఇక్కడ స్లావ్ భాష రాజు రాయించేంత బలంగా ఉంది. ఇవాళ్టి ఏ జాతీయతనూ ఆ రాయి నిరూపించలేదు, కాదనలేదు.

ఆ తర్వాత అయిదు శతాబ్దాలకు పైగా ఒట్టోమన్ పాలన. అప్పుడు మనిషిని గుర్తించింది మతాన్ని బట్టి. ప్రెస్పాలో ఆర్థడాక్స్ క్రైస్తవ రైతులు ఇంట్లో స్లావ్ మాట మాట్లాడేవారు. పక్క ఊళ్లలో అల్బేనియన్, టర్కిష్ మాట్లాడే ముస్లింలు ఉండేవారు. కొండల మీద గొర్రెలు మేపుకునే వ్లాహులది లాటిన్ నుంచి పుట్టిన భాష. గ్రీకు చర్చిలోనూ, పెద్ద వ్యాపారంలోనూ వినిపించేది. సంతకు వెళ్లే మగవాడికి రెండు మూడు భాషలు వచ్చేవి. ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లకు చాలామందికి ఒక్కటే వచ్చేది. ఇది గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే తర్వాత భాషను నిలబెట్టింది ఆ ఆడవాళ్లే, దెబ్బలు తిన్నదీ వాళ్లే.

ఇన్ని భాషలు వందల ఏళ్లు పక్కపక్కనే ఉంటే ఏమవుతుంది? వ్యాకరణాలు దగ్గరవుతాయి. మాసిడోనియన్ (ఈ ఊళ్ల స్లావ్ మాటే అది), వ్లాహ్, అల్బేనియన్ మూడూ వేర్వేరు కుటుంబాలకు చెందినవి. అయినా ఇంగ్లీషులో ‘ది’ చేసే పనిని మూడింటిలోనూ పదం చివర అతికే ప్రత్యయం చేస్తుంది. గ్రీకుతో సహా నాలుగింటిలోనూ ‘కోరుకోవడం’ అనే క్రియ అరిగిపోయి భవిష్యత్తును చెప్పే చిన్న మాటగా మారింది. ఇలాంటిది మనకూ ఉంది. మహారాష్ట్రలో సాంగ్లీ దగ్గర కుప్వాడ్ అనే ఊరిని 1960ల్లో భాషాశాస్త్రజ్ఞులు పరిశీలించారు. అక్కడ కన్నడ, మరాఠీ, ఉర్దూతో పాటు కొద్దిమంది తెలుగు కూడా మాట్లాడేవారు. వాక్యాల అచ్చు దాదాపు ఒకటైపోయింది, మాటలు మాత్రం ఎవరివి వారికే ఉన్నాయి. బయట అందరూ కలిసినా ఇంటి గడప లోపల ఎవరి భాష వారిది కావడంతో అక్కడ భాషలు శతాబ్దాలు నిలిచాయి. ప్రెస్పాలోనూ అంతే జరిగింది. అంటే పక్కన ఇంకో భాష ఉన్నంత మాత్రాన ఒక భాష చావదు. ఇంటి గడప దాటి ప్రభుత్వం లోపలికి రావడం మొదలైనప్పుడు కథ మారింది.

అది 19వ శతాబ్దంలో బడితో మొదలైంది. 1870లో బల్గేరియన్లకు సొంత చర్చి వ్యవస్థ, అంటే ఎక్సార్కేట్, మంజూరైంది. దాంతో మాసిడోనియా అనే ఈ ప్రాంతపు చాలా ఊళ్లలో ఆ చర్చి బడా, కాన్‌స్టాంటినోపుల్ పేట్రియార్క్ (ఆర్థడాక్స్ మతపెద్ద) కింద నడిచే గ్రీకు బడా అనే పోటీ వచ్చింది. ఒకే మాట మాట్లాడే రెండు కుటుంబాల్లో ఒకరు ‘బల్గేరియన్’, ఒకరు ‘గ్రీకు’ అని లెక్కకెక్కారు. 1903లో ఒట్టోమన్ పాలన మీద ఇలిందెన్ తిరుగుబాటు, దాన్ని అణచివేయడం, ఆ వెంటనే సాయుధ ముఠాల పోరు. మీ టొరంటోకు ఈ ప్రాంతం మగవాళ్లు పనికోసం రావడం అప్పుడే జోరందుకుంది. 1910లోనే అక్కడ సొంత చర్చి పెట్టుకున్నారు. మీ పక్కింటావిడ కుటుంబం కెనడానే ఎందుకు ఎంచుకుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

1912–13 బాల్కన్ యుద్ధాలతో ఈ ప్రాంతం గ్రీసులోకి వచ్చింది. 1923 జనవరిలో లొసాన్ ఒప్పందం ప్రకారం గ్రీసు, టర్కీల మధ్య తప్పనిసరి జన మార్పిడి జరిగింది. సుమారు 12 లక్షల మంది ఆర్థడాక్స్ క్రైస్తవులు గ్రీసుకు చేరారు, దాదాపు 4 లక్షల మంది ముస్లింలు టర్కీకి వెళ్లారు. ఎవరు ఎటు పోవాలో నిర్ణయించింది మతం, భాష కాదు. టర్కిష్ తప్ప ఏమీ రాని క్రైస్తవులు గ్రీసుకు వచ్చారు, గ్రీకు తప్ప ఏమీ రాని క్రీట్ ముస్లింలు టర్కీకి పోయారు. మన ఊరి జనం ఆర్థడాక్స్ క్రైస్తవులు కాబట్టి కదలాల్సిన పని లేకపోయింది. పక్కన నల్లసముద్ర తీరం నుంచి వచ్చిన కొన్ని పోంటస్ కుటుంబాలు స్థిరపడ్డాయి.

ఈ పోంటస్ వాళ్లది గ్రీకే. కానీ ఏథెన్స్ నుంచి వచ్చిన టీచరుకి అర్థం కాని గ్రీకు. వేరుగా పెరిగి, ఎన్నో పాత రూపాలు దాచుకున్న మాండలికం అది. ‘కాదు’ అని చెప్పే చిన్న మాట కూడా వేరే. అంటే 1920ల చివర ఊరి బడిలో స్లావ్ మాట పిల్లాడు, పోంటస్ పిల్లాడు పక్కపక్కన కూర్చుంటే, పాఠ్యపుస్తకంలోని గ్రీకు ఇద్దరికీ కొత్తే. ఒకరి తల్లి మాటను ‘మన పల్లెటూరి యాస’ అన్నారు, ఇంకొకరి తల్లి మాటను ‘పరాయి భాష’ అన్నారు. ఆ తేడా పిల్లలకు చాలా త్వరగా తెలిసిపోయింది.

ఇక్కడ ఒక చిన్న అవకాశం వచ్చి పోయింది. 1925లో నానాజాతి సమితి ఒత్తిడితో గ్రీసు ప్రభుత్వమే ‘అబేసెదార్’ అనే వాచకం అచ్చువేయించింది. ఫ్లోరినా చుట్టుపక్కల స్లావ్ మాటతో, లాటిన్ లిపిలో రాసిన పుస్తకం. బల్గేరియా, సెర్బియా రెండూ అభ్యంతరం చెప్పాయి, స్థానికంగానూ వ్యతిరేకత వచ్చింది, పుస్తకం బడుల దాకా చేరనే లేదు. అది గనక ఒక్క తరానికైనా చదువు చెప్పి ఉంటే ఈ కథ ఇంత చేదుగా సాగేది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

బదులుగా జరిగింది పేర్ల మార్పిడి. 1926 నుంచి వందల ఊళ్ల పేర్లు మార్చారు. గెర్మన్ ఆయోస్ యెర్మానోస్ అయింది. సరస్సు ఒడ్డున జాలరుల ఊరు నివిత్సి ప్సరాధెస్ అయింది. తర్వాత మనుషుల ఇంటిపేర్లూ మారాయి. 1928 జనగణన స్లావ్-మాసిడోనియన్ మాతృభాషగా ఉన్నవాళ్లను దేశం మొత్తం మీద సుమారు 82 వేలుగా చూపింది. అసలు సంఖ్య ఇంకా ఎక్కువే అని చాలామంది పరిశోధకుల అభిప్రాయం, నాదీ అదే. 1936 ఆగస్టులో మెటాక్సాస్ నియంతృత్వం వచ్చాక వీధిలో, సంతలో, ఇంట్లో కూడా ఈ భాష మాట్లాడటం నేరం. జరిమానాలు, దెబ్బలు, ఆముదం తాగించడం గురించి ఆ తరం వాళ్లు చెప్పిన సాక్ష్యాలు ఎన్నో ఉన్నాయి. గ్రీకు రాని ముసలివాళ్లను రాత్రిబడులకు పంపారు. అరవయ్యేళ్ల మామ్మ పలక పట్టుకుని, తనకు రాని భాషలో తన కొత్త పేరు రాయడం నేర్చుకోవాల్సి వచ్చింది. ఇంతా చేసినా భాష పోలేదు. నిషేధం భాషను వీధిలోంచి ఇంట్లోకి తోసింది, అంతే. 1940 నాటికి ఊళ్లో జనం వెయ్యికి పైనే, ఎక్కువమంది ఇళ్లలో పాత మాటే.

ఊరు విరిగింది 1946–49 అంతర్యుద్ధంలో. మీ పక్కింటావిడ పుట్టింది 1940 ప్రాంతం కాబట్టి, ఆవిడ జీవితాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ మూడేళ్లు బాగా తెలియాలి.

కమ్యూనిస్టుల ‘డెమొక్రటిక్ ఆర్మీ’కి ప్రెస్పా, పక్కనున్న వీత్సి కొండలు చివరి కోటలయ్యాయి. వాళ్లు స్లావ్ మాట వాళ్లకు సమాన హక్కులు, సొంత బడులు ఇస్తామన్నారు. ఆ ఊళ్లలో మొదటిసారి మాసిడోనియన్‌లో పాఠాలు చెప్పారు కూడా. చాలామంది ఆ ఆశతో చేరారు, చాలామందిని బలవంతంగా చేర్చుకున్నారు. అదే మాట మాట్లాడుతూ ప్రభుత్వ సైన్యం వైపు పోరాడినవాళ్లూ తక్కువేం కాదు. ‘స్లావ్ మాట అంటే కమ్యూనిస్టు’ అనే ముద్ర పడింది అప్పుడే, ఎంతో అన్యాయంగా పడింది.

1948 వసంతంలో బాంబుల నుంచి తప్పించడానికంటూ పిల్లల్ని సరిహద్దు దాటించడం మొదలుపెట్టారు. కొందరు తల్లిదండ్రులు ప్రాణభయంతో ఇష్టపడి పంపారు, కొందరికి ఆ ఎంపికే లేదు. ఉత్తర గ్రీసు మొత్తం మీద సుమారు 28 వేల మంది పిల్లలు అలా వెళ్లారు. ఒక్కో గుంపుకి ‘మాయ్కా’, అంటే అమ్మ, అని పిలిచే ఒక పెద్దామె తోడు. ప్రెస్పా పిల్లలు రాత్రిపూట నడిచి యుగోస్లావియా వైపు ల్యుబోయ్నో లాంటి ఊళ్లకు చేరారు. అక్కణ్ణుంచి రొమేనియా, చెకొస్లోవేకియా, పోలండ్, హంగరీ బాలగృహాలకు. ప్రభుత్వం వైపు కూడా రాణి ఫ్రెడెరికా పేరుతో నడిచిన ‘పిల్లల ఊళ్లు’ వేల మందిని తీసుకెళ్లి గ్రీకులో పెంచాయి. ఒకే ఇంటి పిల్లల్లో ఒకరు ఇటు, ఒకరు అటు పోయిన కుటుంబాలున్నాయి.

1948లో యుగోస్లావియా నేత టిటో, సోవియట్ నేత స్టాలిన్ విడిపోయారు. 1949 జులైలో టిటో సరిహద్దు మూసేశాడు. ఆగస్టులో వీత్సి మీద చివరి దాడి జరిగినప్పుడు ప్రెస్పా జనానికి మిగిలింది రెండు సరస్సుల మధ్యనున్న సన్నటి ఇసుక దారి. దాని మీదుగా అల్బేనియా వైపు పోవాలి, పైనుంచి విమానాలు కాలుస్తున్నాయి. దాటినవాళ్లను అల్బేనియా నుంచి ఓడల్లో పోలండ్‌కు, సోవియట్ యూనియన్‌కు పంపారు. వేల మంది యోధులు తాష్కెంట్ చేరారు. హంగరీలో ఈ కాందిశీకుల కోసమే 1950లో కొత్తగా ఒక గ్రామం కట్టారు, అది బెలోయానిస్ పేరుతో ఇప్పటికీ ఉంది. ఇటు ప్రెస్పాలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొన్ని మళ్లీ ఎప్పుడూ నిండలేదు, ఇవాళ వాటి చోట గోడల మొండేలు, పండ్ల చెట్లు మాత్రం కనిపిస్తాయి. గెర్మన్ పూర్తిగా చావలేదు గానీ ఊరి జనంలో చాలామంది తిరిగి రాలేదు.

1953లో సరిహద్దు ప్రాంతాల్లో జనాన్ని నింపడానికి చట్టం చేశారు. వెళ్లిపోయినవాళ్ల పొలాలు, ఇళ్లు ప్రభుత్వం తీసుకుని ‘దేశభక్తి నమ్మదగ్గ’ కుటుంబాలకు ఇచ్చింది. ప్రెస్పాకు వాయవ్య గ్రీసులోని ఎపిరస్ వైపు నుంచి వ్లాహ్ గొర్రెల కాపరులు వచ్చారు. ఏటా కొండకీ మైదానానికీ మధ్య తిరిగేవాళ్లు, వ్యవసాయం తెలియనివాళ్లు. వాళ్లదీ పేదరికమే, వాళ్ల గ్రామాలూ యుద్ధంలో కాలిపోయినవే. అయినా పక్కింటివాడు చూస్తుండగా వాడి అన్న పొలంలోకి నాగలి దించాల్సిన పరిస్థితి. అందుకే మొదటి ఇరవై ఏళ్లు స్థానికులకు, వ్లాహులకు మధ్య పెళ్లిళ్లు లేవు, మాటలూ తక్కువే. ఇందులో వ్లాహ్ కుటుంబాలను తప్పుపట్టడం నాకు ఎప్పుడూ సబబనిపించలేదు. ఖాళీ ఇల్లు ఇస్తామంటే గుడారంలో ఉన్నవాడు కాదనలేడు.

ఇప్పుడు అసలు విషయం, భాష ఎలా పోయిందన్నది. 1951 జనగణనలో స్లావ్ మాట సంఖ్య సుమారు 41 వేలకు పడింది. దాంట్లో వలస ఎంత, భయంతో చెప్పకపోవడం ఎంత అని విడదీయడం కష్టం. మన జనగణనలో మాతృభాష ప్రశ్న ప్రతిసారీ ఉంటుంది కదా, గ్రీసు 1951 తర్వాత ఆ లెక్కలు బయటపెట్టలేదు. అందుకే మీకు ఇంటర్నెట్లో ‘అందరూ గ్రీకే’ అన్నట్టు కనిపిస్తోంది.

లోపల జరిగింది ఇది. యుద్ధం తర్వాత ఈ భాష మాట్లాడటం అంటే ఉద్యోగం పోవడం, పోలీసు ఫైలు తెరుచుకోవడం. ప్రెస్పా సరిహద్దు నిఘా ప్రాంతం, చాలా ఏళ్లు బయటివాళ్లు రావాలంటే అనుమతి కాగితం ఉండాలి. 1959లో ఫ్లోరినా జిల్లా అత్రాపోస్ లాంటి ఊళ్లలో జనాన్ని పోగుచేసి, ఇకపై ‘ఆ స్లావ్ యాస’ మాట్లాడబోమని బహిరంగంగా ప్రమాణం చేయించారు. పండగల్లో పాత పాటలు పాడటం కుదరక, ఫ్లోరినా ప్రాంతపు బూరల బృందాలు మాటలు తీసేసి బాణీ మాత్రమే వాయించేవి. ఇప్పటికీ అక్కడ జాతరలో పెద్దవాళ్ల పెదాలు బాణీ వెంట కదులుతుంటాయి, మాట బయటకు రాదు.

ఈ టెన్షన్‌లో తల్లిదండ్రులు ఒక నిర్ణయం తీసుకున్నారు: మనం మనలో మాట్లాడుకుందాం, పిల్లలతో మాత్రం గ్రీకే. ఈ నిర్ణయాన్ని ఏ చట్టమూ రాయలేదు. బిడ్డ బడిలో దెబ్బలు తినకూడదని, మిలటరీలో వేలెత్తి చూపించుకోకూడదని తీసుకున్నది. నేను కలిసిన పెద్దవాళ్లలో దీని గురించి మాట్లాడేటప్పుడు గొంతు పూడుకుపోని వాళ్లు అరుదు. తమకే సరిగా రాని గ్రీకులో పిల్లల్ని పెంచారు. అలా పెరిగిన తరానికి అమ్మానాన్నల మాట అర్థమవుతుంది, తిరిగి మాట్లాడటం రాదు. వాళ్ల పిల్లలకు తిట్లు, వంటకాల పేర్లు, రెండు పాటలు మిగిలాయి.

వ్లాహ్, పోంటస్ ఇళ్లలో నిషేధమేమీ లేదు. వాళ్లను ఎవరూ దేశద్రోహులనలేదు. కానీ వాళ్ల భాషకూ బడి లేదు, పుస్తకం లేదు. 1970ల నుంచి మూడు రకాల కుటుంబాల మధ్య పెళ్లిళ్లు మొదలయ్యాయి. అత్త స్లావ్ మాట, కోడలు వ్లాహ్ అయితే వంటింట్లో ఇద్దరికీ కుదిరేది గ్రీకు. అక్కడితో రెండు భాషలూ ఒకే ఇంట్లో ఒకేసారి ఆగిపోయాయి. ఒకటి భయంతో పోయింది, ఇంకొకటి అవసరం లేక పోయింది, చివరికి పిల్లాడికి అందింది మాత్రం ఒక్కటే. నేను ‘జనం మారినందుకే భాష పోయిందనడం సగమే నిజం’ అన్నది ఇందుకే.

పైగా 1960లో పశ్చిమ జర్మనీతో కార్మికుల ఒప్పందం అయ్యింది. ఆస్ట్రేలియా, కెనడా తలుపులూ తెరిచి ఉన్నాయి. మిగిలిన యువకులు వెళ్లిపోయారు. మెల్‌బోర్న్, పెర్త్, టొరంటోల్లో ఈ ఊళ్ల మాట ఇప్పటికీ ఊళ్లలోకంటే ఎక్కువ వినిపిస్తుంది.

1982 చివర్లో గ్రీసు ప్రభుత్వం అంతర్యుద్ధ కాందిశీకులు తిరిగి రావచ్చంది, కానీ ‘జాత్యా గ్రీకులైనవాళ్లు’ మాత్రమే అని షరతు పెట్టింది. 1985లో ఆస్తుల చట్టంలోనూ అదే షరతు. తమను మాసిడోనియన్లమని చెప్పుకునేవాళ్లకు ఆ దారి మూసుకుపోయింది. మీ పక్కింటావిడ సొంత ఇంటిని చూడటానికి వెళ్లగలిగారో లేదో, వెళ్తే సరిహద్దులో ఏమైందో, ఆవిడ చెప్పదలచుకుంటేనే వినండి, మీరుగా తవ్వకండి.

1990ల తర్వాత ఊళ్లోకి మళ్లీ కొత్త జనం. ప్రెస్పా పంట పెద్ద గింజల తెల్ల చిక్కుడు. ‘యీగాంతెస్’ అంటారు, యూరప్ అంతటా పేరున్న సరుకు. పందిరి పుల్లలు పాతడం, తీగ పాకించడం, గింజ వలవడం అన్నీ చేతిపనే. దానికి అల్బేనియా నుంచి కూలీలు వచ్చారు, కొందరు కుటుంబాలతో ఉండిపోయారు. వాళ్లలో సరస్సుకి అవతలి ఒడ్డున, అల్బేనియాలోని పుస్తెత్స్ ప్రాంతం వాళ్లూ ఉన్నారు. వాళ్ల ఇంటి భాష మాసిడోనియన్. అంటే గెర్మన్ ముసలివాళ్లు తమ మనవలతో మాట్లాడలేని భాషలో, తమ చేలో పనికొచ్చిన కుర్రాడితో హాయిగా మాట్లాడారు. ఇది నన్ను బాగా కదిలించిన విషయం. ఇంకో వైపు 1991లో మొదలైన ప్రెస్పా పరిరక్షణ సంస్థ కార్యాలయం ఈ ఊళ్లోనే ఉంది. దాని వల్ల, పర్యాటకుల వల్ల నగరాల నుంచి, వేరే దేశాల నుంచి కొన్ని కుటుంబాలు చేరాయి. అయినా మొత్తం ప్రెస్పా పురపాలికలో 2011 నాటికి పదిహేను వందల పైచిలుకు మందే. ఒక్క గెర్మన్‌లోనే ఒకప్పుడు దాదాపు అంత జనం ఉండేవారేమో అన్నట్టు పాత ఇళ్ల వరుసలు కనిపిస్తాయి.

2018 జూన్ 17న ఈ ఊరికి దగ్గర్లోని ప్సరాధెస్ ఒడ్డున ప్రెస్పా ఒప్పందం మీద సంతకాలయ్యాయి. పొరుగు దేశం పేరు ‘ఉత్తర మాసిడోనియా’ అయింది. దాని భాష పేరు ‘మాసిడోనియన్’ అని గ్రీసు ఒప్పుకుంది, అది దక్షిణ స్లావ్ భాష అన్న వివరణతో. గ్రీసు లోపలి ఊళ్ల మాట గురించి ఆ ఒప్పందం ఏమీ చెప్పదు. ప్రాంతీయ, మైనారిటీ భాషల యూరప్ ఒడంబడికపై గ్రీసు ఇంకా సంతకం చేయలేదు. ఫ్లోరినాలో కొందరు సాంస్కృతిక సంఘం పెట్టుకుంటామంటే కోర్టులు నమోదు నిరాకరించాయి. 1998లో యూరప్ మానవ హక్కుల కోర్టు అది తప్పని తీర్పు చెప్పింది. భయం ఇప్పుడు చాలా తగ్గింది, కెఫేలో పెద్దవాళ్లు బాహాటంగానే మాట్లాడుకుంటారు. కానీ నేర్పే బడి లేదు, నేర్చుకునే వయసువాళ్లు కొద్దిమందే.

ఇక మీరు ఆవిడతో ఎలా మాట్లాడాలన్నది. ‘మీరు గ్రీకా, మాసిడోనియనా’ అని మొదలుపెట్టకండి. ఉత్తర గ్రీసులో ఉండే గ్రీకులు కూడా తమది మాసిడోనియా అనే అంటారు, అది వాళ్ల ప్రాంతం పేరు. ఊళ్లలో స్లావ్ మాట వాళ్లు తమను ‘దోపియి’ అంటారు, గ్రీకులో స్థానికులు అని అర్థం. భాషను ‘దోపియా’ అంటారు, లేదా తమ భాషలో ‘మన మాట’ అంటారు. ఒకే తల్లి బిడ్డల్లో ఊళ్లో ఉన్నవాడు గ్రీకునంటాడు, ఉత్తర మాసిడోనియా రాజధాని స్కోప్యెలో ఉన్నవాడు మాసిడోనియన్నంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మీరు ‘మీ ఇంట్లో ఏ మాట మాట్లాడేవాళ్లు’ అని అడిగితే చాలు, మిగతాది ఆవిడే చెప్తారు.

అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న: కెనడాకు ఏ దారిలో వచ్చారు? 1948లో పిల్లల గుంపులో వెళ్లి, ఏ పోలండ్‌లోనో పెరిగి, తర్వాత వచ్చారా? అయితే ఆవిడకు సిరిలిక్ చదవడం వచ్చే అవకాశం ఎక్కువ. ఆ బాలగృహాల్లో గ్రీకు, మాసిడోనియన్ రెండూ నేర్పారు. 1945లో స్కోప్యెలో ప్రామాణికమైన భాష ఆవిడ మాటలో కలిసి ఉంటుంది. లేక 1950, 60ల్లో ఊరి నుంచి నేరుగా వచ్చారా? అయితే ఆవిడది బడి ముఖం చూడని పాత ప్రెస్పా మాట. ఇంటి వస్తువులకు టర్కిష్ పదాలు, ట్రాక్టరు, పన్ను, ఆస్పత్రి లాంటివాటికి గ్రీకు పదాలు వస్తాయి. ప్రామాణిక భాష మాట్లాడేవాళ్లు ‘మీది సరైన మాట కాదు’ అని ఆవిడను ఎప్పుడో కించపరిచి ఉండొచ్చు. మీరు ఆ పని చేయకండి. ఆ రెండో రకం మాటే ఇప్పుడు ఎక్కడా దొరకనిది.

ఆవిడ, కూతురు ఒప్పుకుంటే ఫోన్లో రికార్డు చేయండి. ఇంటర్వ్యూలా కూర్చోబెట్టొద్దు. చిక్కుడు ఎలా నాటేవాళ్లు, నీటిమర దగ్గర వరుస ఎలా ఉండేది, పెళ్లికూతురిని ఎలా తీసుకొచ్చేవాళ్లు అని అడిగితే మాట సహజంగా వస్తుంది. యుద్ధం గురించి ఆవిడే ఎత్తుకుంటే ఆపకండి, మధ్యలో ప్రశ్నలు వేయకండి. కూతురిని పక్కన ఉండమనండి. తల్లి అదే భాషలో తనతో మాట్లాడితే దొరికేంత మంచి మాట మీతో ఇంగ్లీషులో మాట్లాడితే దొరకదు.

కుటుంబ కాగితాలు వెతకాలంటే ఊరి పేరు ఒక్క రూపంలో వెతికితే దొరకదు. 1912కి ముందువైతే గెర్మన్, జిల్లా మొనాస్తిర్. మొనాస్తిర్ అంటే ఇప్పుడు ఉత్తర మాసిడోనియాలో ఉన్న బితోలా. 1926 తర్వాతవైతే ఆయోస్ యెర్మానోస్, జిల్లా ఫ్లోరినా. పుట్టిన దేశం గడిలో టర్కీ, గ్రీసు, బల్గేరియా, మాసిడోనియా, యుగోస్లావియా ఏదైనా రాసి ఉండొచ్చు, ఆ రోజు కౌంటర్లో గుమాస్తా ఏం రాస్తే అది. తాత ఇంటిపేరు ‘-ఓవ్’తోనో ‘-ఓవ్‌స్కీ’తోనో ముగిసి, తండ్రి ఇంటిపేరు ‘-ఓస్’తోనో ‘-ఇదిస్’తోనో ముగిస్తే కంగారు పడకండి, మనిషి మారలేదు. రెడ్‌క్రాస్ దగ్గర 1948 పిల్లల వెతుకులాట కాగితాలు ఉన్నాయి, వాటికి ఆవిడ కుటుంబసభ్యులే దరఖాస్తు పెట్టుకోవాలి. రికార్డు చేసిన ప్రతి ఫైలు మీదా తేదీతో పాటు ఊరి పేరు రెండు రూపాల్లోనూ రాసిపెట్టండి, ఒక కాపీ కూతురికి ఇచ్చేయండి.